రోజు విడిచి రోజు నీళ్లు, కారు కడిగితే జరిమానా: వీటితో నిజంగా నీళ్లు మిగులుతాయా?

(ఒక ఆన్‌లైన్ ఫోరంలో చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి పేరు.)

మేడమీద ట్యాంక్

మా మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. ఇకనుంచి రోజు విడిచి రోజు సరఫరా. కుళాయి నీళ్లతో బండ్లు కడగకూడదు, మొక్కలకు పైపు పెట్టకూడదు, ఇంటిముందు కడగకూడదు, కట్టడం పనులకు తాగునీరు వాడకూడదు. దొరికితే జరిమానా, మళ్లీ దొరికితే కనెక్షన్ కట్.

రిజర్వాయర్ అడుగంటిందని అందరికీ తెలుసు. కాబట్టి ఆంక్షలు ఎందుకని నేను అడగడం లేదు. ఇలాంటివి పెట్టిన ఊళ్లలో వాడకం నిజంగా తగ్గిందా? ఎంత తగ్గింది? వీటిలో ఏవి పనికొస్తాయి, ఏవి పేపర్లో ఫోటో కోసం? నేను మా అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీని. మీటింగ్ పెట్టాలి. ఇప్పటికే తలా ఒక మాట అంటున్నారు. దయచేసి "నీటిని పొదుపుగా వాడండి" అనే సలహాలు వద్దు, అవి నోటీసులోనే ఉన్నాయి.

రిటైర్డ్ ఏఈ

మేడమ్, నేను నీటి సరఫరాలోనే ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, పనిచేసి రిటైరయ్యాను. మీ నోటీసులో రెండు రకాలు కలిసిపోయాయి. బండ్లు, పైపులు అన్నవి వాడకం మీద ఆంక్షలు. రోజు విడిచి రోజు అన్నది సరఫరాలో కోత. జనానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ పైపుల్లో జరిగేది పూర్తిగా వేరు. కోత సంగతి తర్వాత రాస్తాను, అది పెద్ద కథ.

బయటి వాడకం మీద నిషేధం ఎంత ఫలితమిస్తుందన్నది, ఆ ఊళ్లో బయట ఎంత వాడతారన్న దాన్నిబట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 2015 ఏప్రిల్ 1న అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఒక కొండ మైదానంలో నిలబడ్డాడు. ఆ రోజుకి అక్కడ మంచు పేరుకుని ఉండాలి, ఉన్నదల్లా ఎండుగడ్డి. అక్కడే పట్టణాల వాడకం 25 శాతం తగ్గించాలని ఉత్తర్వు ప్రకటించాడు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రం మొత్తం మీద దాదాపు 24 శాతం తగ్గింది. అక్కడి పట్టణాల నీళ్లలో సగం దాకా లాన్లకే పోతాయి కాబట్టి అది కుదిరింది. గడ్డి ఎండిపోయినా మనిషికి ఏమీ కాదు. అపార్ట్‌మెంట్లతో నిండిన ఊళ్లో గడ్డి ఎక్కడుంది? నాలుగు కుండీలు, రెండు కార్లు. నీళ్లన్నీ బాత్రూమ్‌లో, వంటింట్లో, వాషింగ్ మెషీన్‌లో ఖర్చవుతాయి. అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాలేడు.

ఆ ఉత్తర్వులో నాకు నచ్చింది ఇంకొకటి. అందరికీ ఒకే శాతం కోత పెట్టలేదు. ముందు నుంచీ తక్కువ వాడే ఊళ్లకు 8 శాతం, విచ్చలవిడిగా వాడే ఊళ్లకు 36 శాతం దాకా పెట్టారు.

ఎదురుగాలి

అంటే మన దగ్గర కారు నిషేధం ఫోటో కోసమే అన్నమాట. సంతోషం.

బెంగళూరులో 2024 మార్చిలో ఇదే జరిగింది. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయలు, మళ్లీ చేస్తే రోజుకు ఇంకో 500. మూడు రోజుల్లో 22 ఇళ్లకు జరిమానా వేశారని వార్త. కోటి మందికి పైగా ఉన్న ఊళ్లో 22 ఇళ్లు. లక్షా పదివేలు వసూలైంది, రిజర్వాయర్‌లో ఒక్క అంగుళం పెరగలేదు.

రిటైర్డ్ ఏఈ

ఫోటో కోసమే అని నేను అనలేదండీ. పక్కింటాయన వీధిలో పైపు పెట్టి కారు కడుగుతుంటే, "అర బకెట్‌తో స్నానం చేయండి" అన్న మాట ఎవరు వింటారు? ఆ నిషేధం మిగిలిన వాటికి దారి చేస్తుంది. దాని విలువ లీటర్లలో కనిపించదు.

బెంగళూరు సంగతి చెప్పారు కాబట్టి మిగతాదీ చెప్పాలి. అదే నెలలో వ్యాపార సంస్థల కుళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి చేశారు. కుళాయి మూతికి బిగించే చిన్న జాలీ అది. నీళ్లలో గాలి కలిపి ధారను పలచన చేస్తుంది. పూర్తిగా తెరిచిన మామూలు కుళాయి నిమిషానికి పది లీటర్ల పైన వదిలితే, ఇది బిగిస్తే సగానికి, ఇంకా కిందికి వస్తుంది. ఎవరి మనసూ మార్చక్కర్లేదు, ఎవరినీ పట్టుకోనక్కర్లేదు. జరిమానా వార్తయింది, ఏరేటర్ వార్త కాలేదు.

లెక్కల మాస్టారు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ లెక్క లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. 2015 నుంచి వరసగా మూడేళ్లు వానాకాలం మొహం చాటేసింది. 2015 మొదట్లో వేసవి రోజుల్లో ఊరు రోజుకు దాదాపు 120 కోట్ల లీటర్లు వాడేది. 2018 నాటికి అది సుమారు 50 కోట్లకు దిగింది. సగం కూడా కాదు! కొత్త డ్యాము కట్టి కాదు, వాడకం తగ్గించే.

ఒక్కసారిగా దిగలేదు, మెట్లు మెట్లుగా దిగింది. 2017లో మనిషికి రోజుకు 87 లీటర్లు. 2018 ఫిబ్రవరి 1 నుంచి 50. డ్యాముల్లో నీళ్లు 13.5 శాతానికి పడితే ఇళ్ల కుళాయిలు కట్టేసి, ఊరంతటికీ 200 పంపిణీ కేంద్రాలు పెట్టి మనిషికి 25 లీటర్లు చొప్పున ఇస్తామన్నారు. దానికి "డే జీరో" అని పేరు పెట్టి తేదీ కూడా ప్రకటించారు. ఆ తేదీ ఏప్రిల్ నుంచి మేకి, మే నుంచి జూన్‌కి, జూన్ నుంచి జులైకి జరుగుతూ పోయింది. చివరికి ఆ ఏడాదికి ఎత్తేశారు.

50 లీటర్లంటే ఎంతో ఊహించుకోండి. షవర్ నిమిషానికి దాదాపు పది లీటర్లు. రెండు నిమిషాలు నిలబడితే 20 పోయాయి. పాత ఫ్లష్ ఒకసారి నొక్కితే 9. రెండుసార్లు నొక్కితే 18. మిగిలిన 12 లీటర్లలో తాగడం, వంట, గిన్నెలు, బట్టలు. అందుకే అక్కడ షవర్ కింద టబ్బు పెట్టి ఆ నీళ్లే ఫ్లష్‌కి వాడారు. మన దేశంలో మురుగు పైపులున్న పట్టణాలకు ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో మూడో వంతు పైచిలుకుతో సరిపెట్టుకోమన్నారు.

పక్కింటి పరంధామం

మాస్టారూ, మా ఇంట్లో 20 లీటర్లు పళ్లు తోముకోవడానికే అవుతాయి. కుళాయి కట్టేయడం మా వాడి మతానికి విరుద్ధం.

ఎదురుగాలి

కేప్‌టౌన్ కథ ప్రతిసారీ ఇలాగే చెప్తారు. జనం పొదుపు చేశారు, ఊరు గట్టెక్కింది. మిగతా సగం ఎవరూ చెప్పరు.

ఆ డ్యాముల నీళ్లు ఊరికి మాత్రమే కాదు, వ్యవసాయానికీ పోయేవి. రైతుల వాటా తెగ్గోశారు. పైగా ఫిబ్రవరిలో ఎగువన ఉన్న రైతుల సంఘం ఒకటి తన సొంత డ్యాములోంచి వెయ్యి కోట్ల లీటర్లు ఊరికి వదిలింది. డే జీరో వాయిదా పడటంలో ఆ నీళ్ల పాత్ర చిన్నది కాదు. ఇంకోటి, డబ్బున్నవాళ్లు ఇళ్లలో బోర్లు వేయించుకున్నారు. మున్సిపల్ మీటర్‌లో వాడకం తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ మనిషి మాత్రం భూమిలోంచి తోడుకుంటూనే ఉంటాడు. మురికివాడల వాళ్లేమో వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని ఎప్పుడూ ఆ 50 లీటర్ల కిందే బతికారు. ఊరి మొత్తం వాడకంలో వాళ్లది 5 శాతం లోపే. వాళ్లకి ప్రతి రోజూ డే జీరోనే.

లెక్కల మాస్టారు

రైతుల నీళ్ల సంగతి నిజమే, కాదనను. కానీ లెక్క చూడండి. ఆ వెయ్యి కోట్ల లీటర్లు, రోజుకు 50 కోట్ల వాడకం మీద 20 రోజులకు వస్తాయి. వాడకం పాత 120 కోట్ల దగ్గరే ఉంటే తొమ్మిది రోజులు కూడా రావు. తగ్గించుకోకపోతే దానం కూడా నిలిచేది కాదు.

సుధ ఎన్

నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. ఈ గొడవలో మా మాట ఎవరికీ గుర్తుండదు కాబట్టి నేనే చెప్తున్నా.

ఒక రోగికి నాలుగు గంటల సెషన్‌కి 120 లీటర్ల శుద్ధ జలం కావాలి. యంత్రంలోకి నిమిషానికి అర లీటరు చొప్పున పోతుంది, లెక్క సరిపోతుంది. ఆ 120 తయారు చేయడానికి ఆర్ఓలో ఇంకా బోలెడు నీళ్లు రిజెక్ట్ పోతాయి. చాలామందికి వారానికి మూడు సెషన్లు. ఇంట్లోనే యంత్రం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మనిషికి ఇన్ని లీటర్లే అని గీత గీసేటప్పుడు వీళ్లకి మినహాయింపు రాసిపెట్టాలి. "అడిగితే చూస్తాం" అంటే కుదరదు.

ఇంకోటి అంతకన్నా ముఖ్యం. కోతల రోజుల్లో నీళ్లు కలుషితం కాకుండా క్లోరిన్ పెంచుతారు. తాగేవాళ్లకి అది మంచిదే. డయాలసిస్‌లో క్లోరిన్ మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. మా దగ్గర కార్బన్ ఫిల్టర్లు ఉంటాయి, ప్రతి షిఫ్టుకీ పరీక్ష చేస్తాం. కానీ మోతాదు పెంచే ముందు యూనిట్లకు ఒక ఫోన్ కొడితే చాలు. ట్యాంకర్ నీళ్లయితే ప్రతి లోడూ వేరే బోరు నుంచి వస్తుంది, ఉప్పు ఎంతుందో దేవుడికే తెలియాలి. రోజూ టెన్షనే.

మేడమీద ట్యాంక్

సుధ గారూ, చాలా థాంక్స్. మా బ్లాకులో ఒక పెద్దాయన ఉన్నారు, డయాలసిస్‌కి వెళ్తారు. ఇంట్లో చేసుకోవడం కాదు. అయినా ఆ యూనిట్ కూడా ఇదే లైన్ మీద ఉందని ఇప్పుడు తట్టింది.

ఏఈ గారూ, కోత సంగతి తర్వాత రాస్తానన్నారు.

రిటైర్డ్ ఏఈ

రాస్తున్నా. కాస్త ఓపిక పట్టండి.

రోజు విడిచి రోజు ఇస్తే సగం మిగులుతుందని అందరూ అనుకుంటారు. పైనున్న అధికారులూ అలాగే అనుకుంటారు, ఆర్డరు రాయడం తేలిక కదా. ఇప్పుడు కింద ఏమవుతుందో చూడండి. నీళ్లు రావని తెలిసిన రోజు ముందు ప్రతి ఇల్లూ సంప్, ట్యాంక్, డ్రమ్ము, బిందె, చివరికి గిన్నెలు కూడా నింపుతుంది. మళ్లీ నీళ్లు రాగానే నిన్నటివి "పాతవి" అని పారబోసి కొత్తవి పడతారు. కుళాయి తెరిచి పెట్టి పనికి పోయేవాళ్లు ఉంటారు, ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి. అందరూ ఒకేసారి పట్టడంతో లైన్‌లో ఒత్తిడి పడిపోతుంది, చివరి ఇళ్లకు చుక్క రాదు. చివరి ఇంటివాడు మోటారు బిగించి పైపులోంచి నేరుగా లాగుతాడు. వాడిని చూసి పక్కవాడు. పదిమంది మోటార్లు పెట్టాక పదకొండోవాడికి మోటారు లేకపోతే బతుకు లేదు.

పైపుకి జరిగేది ఇంకా ఘోరం. నిండుగా ఒత్తిడితో ఉన్న పైపులో చిల్లు ఉంటే నీళ్లు బయటికి పోతాయి. నష్టమే, కానీ మురికి లోపలికి రాదు. ఖాళీ అయిన పైపులో, అందులోనూ పైన మోటార్లు లాగుతుంటే, లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ చిల్లులోంచి మురుగు లోపలికి పీలుస్తుంది. వేసవి కోతల తర్వాత వాంతులు, విరేచనాలు, కామెర్లు ఎందుకొస్తాయంటే ఇందుకే. మళ్లీ వాల్వ్ తిప్పినప్పుడు ఖాళీ పైపులోకి నీళ్లు దూసుకొచ్చి, ముందున్న గాలిని తోసి, బెండ్ల దగ్గర సమ్మెట దెబ్బ లాంటిది పడుతుంది. పాత జాయింట్లు అక్కడే విడతాయి. అంటే కొత్త లీకులు. ఆ గాలికి మీటర్లు కూడా తిరుగుతాయి, బిల్లు గాలికి వస్తుంది. ఇది జోకు కాదు.

అందుకే నిజంగా చేతకాని స్థితి వస్తే తప్ప పైపులు ఖాళీ చేయకూడదు. దానికన్నా ఒత్తిడి తగ్గించడం మేలు. రాత్రి జనం వాడరు కాబట్టి లైన్‌లో ఒత్తిడి పెరుగుతుంది, లీకులు కూడా పెరుగుతాయి. ఆ గంటల్లో ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడితే, ఎవరి స్నానమూ ఆగకుండానే నీళ్లు మిగులుతాయి.

ఎదురుగాలి

ఏఈ గారూ, ఒత్తిడి తగ్గించడం కూడా అంత అమాయకమైనదేం కాదు. బ్రెజిల్‌లో సావో పౌలో 2014, 2015 కరువులో సరిగ్గా అదే చేసింది. కాంతరెయిరా రిజర్వాయర్లలో మామూలు తూములకు అందని అడుగు నీళ్లను కూడా పంపులు పెట్టి తోడిన రోజులవి. కాగితం మీద "రేషనింగ్ లేదు" అన్నారు. ఒత్తిడి తగ్గితే ముందు ఎండేది ఎవరు? గుట్టల మీద, శివార్లలో ఉన్నవాళ్లు, ఇంట్లో ట్యాంకు లేనివాళ్లు. పంపుకి దగ్గర, పల్లంలో, పెద్ద ట్యాంకున్న వాడికి కరువే తెలియలేదు. పేరు పెట్టని కోత అది. ఆంక్ష అని చెప్తే కనీసం వేళలు ప్రకటించాలి, జవాబు చెప్పాలి. ఇది ఆ పని కూడా తప్పించుకోవడం.

రిటైర్డ్ ఏఈ

మీరు చెప్పింది వందశాతం ఒప్పుకుంటాను. గుట్ట మీద ఇళ్లకు వేరే జోన్, ఒత్తిడి పెంచే వేరే బూస్టర్ పంపు ఉంటేనే ఇది న్యాయంగా జరుగుతుంది. ఆ పని కరువు రాకముందే చేసి ఉండాలి.

కొత్త సభ్యుడు 77

అసలు మనం ఎందుకు తగ్గించాలి? వాళ్ల పైపుల్లో సగం లీకేజీలే. ముందు అవి ఆపమనండి.

లెక్కల మాస్టారు

ఆ ప్రశ్న న్యాయమైందే. లీకులు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు కలిపి బిల్లుకి రాని నీళ్లు 20 శాతం మించకూడదన్నది మన దేశంలో పట్టణాలకు పెట్టుకున్న ప్రమాణం. చాలా ఊళ్లు దానికి ఆమడ దూరంలో ఉన్నాయి. సాధ్యం కాదా అంటే, కంబోడియా రాజధాని నాంపెన్ చూడండి. 1993లో పంపిన నీళ్లలో 72 శాతం లెక్కకి అందేవి కావు. ఎక్ సొన్ చాన్ అనే ఇంజినీరు పగ్గాలు పట్టాక ప్రతి కనెక్షన్‌కీ మీటరు పెట్టారు, పెద్దవాళ్ల చేత కూడా బిల్లు కట్టించారు, లీకులకు రాత్రింబవళ్లు గ్యాంగులు తిప్పారు. నష్టం ఒక్క అంకె శాతానికి దిగింది. ఆయనకి 2006లో మెగసెసే అవార్డు ఇచ్చారు.

కానీ అది పదిహేనేళ్ల పని. మీ రిజర్వాయర్‌లో ఉన్న నీళ్లు పదిహేనేళ్లు ఆగవు. లీకులు బాగు చేసేదాకా నేను తగ్గించను అంటే ఇద్దరికీ నీళ్లుండవు.

కొత్త సభ్యుడు 77

ప్రతిసారీ మొదట జనమే తగ్గాలి. సరే.

పక్కింటి పరంధామం

ట్యాంకర్లు, రైళ్లు ఉన్నాయి కదా? చెన్నైకి రైల్లో నీళ్లు తెచ్చారుగా.

లెక్కల మాస్టారు

తెచ్చారు. 2019 జులై 12న జోలార్‌పేట నుంచి మొదటి రైలు వచ్చింది. 50 వ్యాగన్లు, ఒక్కోదాంట్లో 50 వేల లీటర్లు, మొత్తం 25 లక్షలు. రోజుకు నాలుగు ట్రిప్పులు వేస్తే కోటి లీటర్లు. అప్పుడు కోతలు పెట్టాక కూడా ఊరికి రోజూ ఇస్తున్నది 50 కోట్ల లీటర్ల పైమాటే. అంటే అంత హడావుడి చేసి తెచ్చింది రెండు శాతం. మాట తప్పని రెండు శాతం కాబట్టి దాని విలువ దానిదే, కాదనను. అదే ఊళ్లో ప్రతి మనిషీ రోజూ ఒక్క బకెట్ తగ్గించుకుంటే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది.

ఆ ఏడాది పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాకం నాలుగూ దాదాపు ఎండిపోయాయి. నాలుగూ కలిపి నిండితే 11 టీఎంసీలు. తెలుగుగంగ కింద కృష్ణా నీళ్లు రావాల్సిన ఊరు కూడా అదే. ఎగువ రిజర్వాయర్లలోనే లేనప్పుడు ఒప్పందం కాగితం తాగలేం కదా.

ట్యాంకర్ల సంగతి ఇంకా విచిత్రం. ట్యాంకర్ నీళ్లు ఆకాశం నుంచి రావు. శివారులో ఎవరిదో బోరు. మున్సిపాలిటీ కుళాయి మీద ఆంక్ష పెట్టి బోరు మీద పెట్టకపోతే, వాడకం తగ్గదు, ఇటు నుంచి అటు మారుతుంది. పక్క ఊరి బావులు ఎండుతాయి.

సుధ ఎన్

ట్యాంకర్ల మీద ఒక్క మాట. కోత ఉన్న రోజుల్లో ట్యాంకర్ నీళ్లు నేరుగా తాగకండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ఇంట్లో డ్రమ్ములో రెండు రోజులు నిలవుంటే అదీ ఎగిరిపోతుంది. తాగేవి కళపెళ కాచండి, మూత పెట్టండి. మూతలేని డ్రమ్ముల్లో దోమలు గుడ్లు పెడతాయి, నీటి ఎద్దడి వెనకే డెంగీ వస్తుంది.

మేడమీద ట్యాంక్

మా అసలు గొడవకి వస్తాను. మా అపార్ట్‌మెంట్‌కి ఒకటే మీటరు. బిల్లు ఫ్లాట్లకి సమానంగా పంచుతాం. ఒక ఫ్లాట్‌లో ఇద్దరు, ఇంకోదాంట్లో ఏడుగురు. మా ట్రెజరర్ గారు "ఎక్కువ వాడేవాళ్లకి సంఘం తరఫున జరిమానా వేద్దాం" అంటున్నారు. ఎవరు ఎక్కువ వాడుతున్నారో ఎలా తెలుస్తుందని అడిగితే, "అందరికీ తెలుసు" అంటారు. ఆ అందరి వేలూ ఏడుగురున్న ఫ్లాట్ వైపే.

ఎదురుగాలి

ఏడుగురు ఏడుగురికి సరిపడా వాడితే అది నేరమా? ఇద్దరుండి టబ్ స్నానాలు చేసే ఫ్లాట్ సంగతేంటి? మనిషి లెక్కన కాకుండా కనెక్షన్ లెక్కన గీసే ప్రతి గీతా పెద్ద కుటుంబం మీదే పడుతుంది. అద్దెకుండేవాళ్లూ ఉమ్మడి కుటుంబాలూ ముందు దొరుకుతారు.

లెక్కల మాస్టారు

కేప్‌టౌన్‌లో ఇంటికి నలుగురు అనుకుని లెక్క వేశారు. 50 లీటర్లు, నలుగురు, 30 రోజులు అంటే నెలకు 6,000 లీటర్లు. ఎక్కువమంది ఉంటే వివరాలిచ్చి కోటా పెంచుకోవచ్చు. మాట వినని ఇళ్లకు కోటా దాటితే ధార ఆపేసే పరికరాలు బిగించారు. కోటా లోపల ఉన్న ఇళ్లను ఆకుపచ్చ చుక్కలతో ఆన్‌లైన్ మ్యాప్‌లో చూపించారు. దాని మీద ప్రైవసీ గొడవలు వచ్చాయి గానీ, పక్కింట్లో చుక్క ఉండి మనింట్లో లేకపోతే ఏమనిపిస్తుందో ఆలోచించండి.

సావో పౌలో మొదట జరిమానా జోలికే పోలేదు. 2014 ఫిబ్రవరిలో వాడకం 20 శాతం తగ్గించిన ఇంటికి బిల్లులో 30 శాతం తగ్గింపు ఇచ్చింది. పెంచినవాళ్లకి అదనపు రుసుము మరుసటి ఏడాది గానీ రాలేదు. నేనైతే ఆ క్రమమే సరైనదంటాను.

రిటైర్డ్ ఏఈ

తగ్గింపు బావుంటుంది మాస్టారూ, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇది ఎవరూ మాట్లాడని చిక్కు. జనం సగం వాడితే అమ్మకం సగానికి పడిపోతుంది. కానీ పంపులు, ఫిల్టర్ బెడ్లు, జీతాలు, అప్పుల వడ్డీ అలాగే ఉంటాయి. కరువులో లీకుల గ్యాంగులకి ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆఖరికి రేటు పెంచాలి. "తగ్గించమన్నారు, తగ్గించాం, ఇప్పుడు ఎక్కువ కట్టమంటారా" అని జనం తిరగబడతారు. కేప్‌టౌన్‌లో 2018 జులై నుంచి మీటరు సైజును బట్టి నెలనెలా స్థిర రుసుము పెట్టారు, వాడినా వాడకపోయినా కట్టాలి. తిట్లు బాగానే తిన్నారు. ఆంక్ష పెట్టిన రోజే ఈ సంగతి చెప్పే ధైర్యం నేను పనిచేసిన చోట ఎవరికీ లేకపోయింది.

కొత్త సభ్యుడు 77

చూశారా. చివరికి జేబుకే.

మోడరేటర్

పార్టీల పేర్లతో వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాను. ఏ ప్రభుత్వం ఏం చేసిందన్నది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకోండి.

రిటైర్డ్ ఏఈ

మేడమ్, మీ ట్రెజరర్ గారి జరిమానా పక్కన పెట్టి ముందు ఒక పని చేయించండి. మీ బిల్డింగ్‌లోనే లీకు ఎంతుందో చూడండి. నోటీసుల్లో ఎవరూ రాయరు గానీ, అపార్ట్‌మెంట్లలో నేను చూసిన వృథాలో పెద్ద భాగం స్నానాలది కాదు, ఫ్లష్ ట్యాంకులది. లోపలి రబ్బరు అరిగితే నీళ్లు సన్నటి పొరలా కమోడ్ లోపలి గోడ వెంట జారుతూ ఉంటాయి, చప్పుడు కూడా రాదు. సెకనుకు ఒక్క చుక్క కారే కుళాయే రోజుకు 20 లీటర్లు పారబోస్తుంది. ఫ్లష్ లీకు దానికన్నా ఎన్నో రెట్లు.

మామూలుగా అయితే రాత్రి మీటరు చూడమంటాను. మీకు రోజు విడిచి రోజు కాబట్టి, నీళ్లు రాని రాత్రి మీటరు కదలదు, వచ్చిన రాత్రి సంప్ నింపడానికే తిరుగుతుంది. రెండూ అబద్ధమే. అందుకని పైన ఓవర్‌హెడ్ ట్యాంకులో కొలవండి. రాత్రి 12కి మోటారు ఆపి, కర్ర దించి మట్టం గుర్తు పెట్టండి. 4కి మళ్లీ చూడండి. ట్యాంకు పొడవు, వెడల్పు, తగ్గిన ఎత్తు మీటర్లలో గుణిస్తే ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు వెయ్యి లీటర్లు. ఆ వేళప్పుడు ఎవరో ఒకరిద్దరు బాత్రూమ్‌కి వెళ్తారు, దానికి ఒక వంద తీసేయండి.

మేడమీద ట్యాంక్

కొలిపించాం. ట్యాంకు 5 మీటర్లు, 3 మీటర్లు. నాలుగు గంటల్లో 7 సెంటీమీటర్లు దిగింది.

లెక్కల మాస్టారు

1,050 లీటర్లు. వంద తీసేస్తే 950. రోజుకు 5,700. మనిషికి 50 చొప్పున లెక్కేస్తే 114 మంది రేషన్ మీ బిల్డింగ్ గోడల్లోంచి జారిపోతోంది.

రిటైర్డ్ ఏఈ

ఇప్పుడు ట్యాంకు నుంచి కిందికి దిగే లైన్ల వాల్వులు ఒక్కో రాత్రి ఒక్కొక్కటి కట్టి చూడండి. ఏది కడితే మట్టం ఆగుతుందో ఆ లైన్ మీద ఫ్లాట్లకి వెళ్లి ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలపండి. అరగంట ఎవరూ నొక్కకూడదు. రంగు కిందికి దిగితే దొంగ దొరికినట్టే. రబ్బరు మార్చడం చిన్న పని.

మేడమీద ట్యాంక్

తూర్పు వైపు లైన్. మూడు ఫ్లాట్లలో రంగు దిగింది. ఏడుగురున్న ఫ్లాట్ ఆ లైన్ మీదే ఉంది, అక్కడ ఒక్క చుక్క కూడా దిగలేదు. దిగిన మూడిట్లో ఒకటి ట్రెజరర్ గారిది.

ప్లంబర్‌ని పిలిచాను. ఏరేటర్లు కూడా అందరికీ కలిపి ఒకేసారి తెప్పిస్తున్నాం. జరిమానా అంశం ఎజెండాలోంచి తీసేశాను, ఆయనే తీసేయమన్నారు.

పక్కింటి పరంధామం

ఈ థ్రెడ్ లింకు మాత్రం ఆయనకి పంపకండి మేడమ్.

ఎదురుగాలి

ట్రెజరర్ గారి సంగతి అయ్యింది. మరి ఆ డయాలసిస్ యూనిట్‌కి క్లోరిన్ పెంచే ముందు ఎవరు ఫోన్ చేస్తారో మీ మున్సిపాలిటీని అడిగారా?

మేడమీద ట్యాంక్

అడిగాను. రాతపూర్వకంగా ఇమ్మన్నారు. యూనిట్ వాళ్లతో కలిసి సోమవారం ఇస్తున్నాం. సుధ గారూ, అందులో ఏమేం రాయాలో కాస్త చెప్తారా?

సుధ ఎన్

తప్పకుండా. మెసేజ్ పెట్టాను, చూడండి.